అమ్మీ అయితే కాజల్ హరామ్ అయిపోతుందా?

"ఒక బిడ్డ తల్లివైతివి, ఇంకా నీకీ షోకులేందమ్మే?"

ఈ మాట వినని ముస్లిం ఆడపిల్ల తిరుపతిలోనో చిత్తూరులోనో పలమనేరులోనో ఒక్కతె ఉన్నా నాకు చెప్పండి, వెళ్లి గలే మిల్ కే వస్తాను. పిల్లకు ఇరవైమూడేళ్లు. చంకలో ఆరు నెలల బాబు. చేసిన గునా ఏందయ్యా అంటే కళ్లకు కాజల్ దిద్దుకుంది, గాంధీ రోడ్డులో కొనుక్కున్న జుమ్కాలు పెట్టుకుంది, దావత్‌కు నల్ల అబాయా బదులు ముదురాకుపచ్చది తొడుక్కుంది. అంతే. దస్తర్‌ఖాన్ పరిచేలోపలే సాస్ చూపు, నంద్ నవ్వు, పక్కింటి ఖాలా నసీహత్ అన్నీ వడ్డించేశారు.

అదే పిల్లకు డిగ్రీలో కలిసి చదివిన సహేలీ బస్టాండులో కనబడిందనుకోండి. "అయ్యో, అప్పుడే బిడ్డా? ఇంక నీ లైఫ్ అయిపోయింది కదే. మీవాళ్లల్లో ఇంతేలే" అంటుంది. ప్రేమగానే అంటుంది, చెయ్యి పట్టుకునే అంటుంది.

ఇంట్లోది గద్దింపు, బయటది జాలి. రెండింటి వెనకా ఉన్న అఖీదా మాత్రం ఒకటే. బిడ్డ పుట్టగానే ఆ పిల్ల ఖతమ్ అయిపోయిందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఒకరు ఖతమ్ అయినందుకు మురిసిపోతున్నారు, ఒకరు అఫ్సోస్ పడుతున్నారు. నా కొట్లాట ఈ ఇద్దరితోనూ. ఇరవైల్లో తల్లి కావాలనుకుని అయిన ఆడపిల్ల ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. తల్లి అయ్యాక కూడా తన ఇష్టం, తన రంగు, తన చదువు, తన నడక తనవే. రెండూ కలిసి ఉండవని ఏ కితాబులో రాసి ఉంది?

ముందుగా ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. నేను మాట్లాడేది ఇరవైల గురించి, పదహారు గురించి కాదు. ఈ వ్యాసం చదివి "చూశారా, చిన్న వయసులో పెళ్లి మంచిదని మన రచయిత్రే రాసింది" అని ఎవరైనా టెన్త్ చదివే బిడ్డకు మంగ్నీ పెట్టుకుంటే, ఆ పాపంలో నా పేరు కలపొద్దు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 29 మందికి 18 నిండకముందే పెళ్లి అయిందని తేలింది. ఇది మన ఖౌమ్ ఒక్కదాని లెక్క కాదు, రాష్ట్రం మొత్తం లెక్క. అయినా మన గల్లీల్లో ఆ 29 మంది లేరని ఎవరూ ఖసమ్ తినలేరు. 18 లోపు పెళ్లి నేరమని చట్టం చెబుతుంది. ఒంట్లో ఎముక ముదరని పిల్లకు కాన్పు అంటే ఏమిటో తిరుపతి ప్రసూతి ఆసుపత్రి వరండాలో ఒక పూట కూర్చున్న నానీ ఎవరైనా చెబుతుంది. ఆ వయసు పిల్లకు "నీకు ఇష్టమేనా?" అన్న ప్రశ్నకు అర్థమే ఉండదు. నేను సమర్థించేది ఇష్టపడి, తెలిసి తల్లి అయిన ఆడదాన్ని.

ఇప్పుడు ఇంటి వాళ్ల దగ్గరికి వస్తాను.

"హయా లేదా నీకు?" అంటారు. హయాకు, మాసిన నైటీకి ఏం సంబంధం? బిడ్డ కక్కిన పాల వాసనతో, మూడు రోజులు దువ్వని జుట్టుతో, ఒకటే పాత దుపట్టాతో తిరిగితేనే అచ్ఛీ మా అని సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? దీన్ ఇచ్చిందా? బఖరా సూరా 233వ ఆయత్ తీసి తర్జుమా చదవండి. తల్లి బిడ్డకు రెండేళ్లు నిండుగా పాలివ్వడం గురించి చెప్పిన చోటనే, ఆ తల్లి తిండీ బట్టా తండ్రి జిమ్మేదారీ అని కూడా ఉంది, అది కూడా మర్యాదకు తగినట్టుగా. పాలిచ్చే తల్లి గురించి మాట్లాడుతూ బట్టల మాట ఎత్తారంటే అది చిన్న విషయం కాదని కదా! ఆయత్‌లో సగం పట్టుకుని "రెండేళ్లు పాలివ్వాల" అని బహూకు వినిపించేవాళ్లు, మిగిలిన సగం కొడుకుకు ఎందుకు వినిపించరు? ఆరాఫ్ సూరా 32లో అల్లా తన బందాల కోసం తెచ్చిన జీనత్‌ను హరామ్ చేసిందెవరని సవాల్ ఉంది. ఆ సవాల్‌కు మన పక్కింటి ఖాలా దగ్గర జవాబు ఉందా?

పర్దా పాటించే పిల్ల పర్దా పాటిస్తుంది. అది ఆమెకూ రబ్బుకూ మధ్య మామ్లా. ఆ పర్దా రంగు ఏది, కింద వేసుకున్న కుర్తా ఎట్లాంటిది, ఇంట్లో జుట్టు ఎట్లా అల్లుకుంది అన్నది పంచాయతీ పెట్టే విషయం కాదు. జుమ్మా రోజు మన మియాలను చూడండి. ఇస్త్రీ మడత నలగని కుర్తా, చెవి వెనక ఇత్తర్, గడ్డం దువ్వి, సుర్మా పెట్టి బయల్దేరతారు. నలుగురు పిల్లల తండ్రి అయినా ఎవరూ "ఇంకా నీకీ షోకులేంది భాయ్" అనరు. మాషా అల్లా అంటారు. ఆ కుర్తాకు ఇస్త్రీ చేసింది ఎవరో, చేసేటప్పుడు ఆమె చంకలో ఏం ఏడుస్తూ ఉందో కూడా కాస్త ఆలోచించండి.

షోకు అంటున్నారు కదా, దాని అస్లీ ఖర్చు ఎంతో చెప్తాను. పది నిమిషాలు. కాజల్ డబ్బీ ధర ఎవరికీ బరువు కాదు. చిన్న బిడ్డ తల్లికి దొరకనిది తీరిగ్గా తల దువ్వుకునే పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఆమెకు దొరికాయంటే ఎవరో బిడ్డను ఎత్తుకున్నారని అర్థం. నీట్‌గా తయారైన యువ తల్లిని చూస్తే నాకు ఆమె సోకు కనబడదు, ఆ ఇంట్లో బిడ్డను ఎత్తుకునే ఇంకో జత చేతులు ఉన్నాయని కనబడుతుంది. తల చిక్కులు పడి, కళ్లు లోపలికి పోయి తిరిగే తల్లిని చూస్తే ఆమె త్యాగం కంటే ముందు ఆ ఇంటివాళ్ల బద్ధకం కనబడుతుంది. కాబట్టి సాస్‌గారూ, "ఈ షోకులకు టైమ్ ఎక్కడిదే?" అని అడక్కండి. టైమ్ మీరే ఇవ్వాల.

మన పెద్దవాళ్లకు ఇది తెలియనిది కాదు. తెలియకపోతే చిల్లా ఎందుకు పెట్టారు? నలభై రోజులు బాలింతకు అచ్వానీ, హరీరా, శొంఠి, సాంబ్రాణి పొగ, ఒంటికి నూనె, నడుముకు గట్టిగా కట్టు. మైకాలో అమ్మీ మంచం దిగనియ్యదు. ఎంత అందమైన రివాజ్ అది! బిడ్డను కన్న ఒంటికి సేవ చేయాలని, కన్నామె కూడా ఒక పసిబిడ్డేనని చెప్పే రివాజ్. మరి నలభై ఒకటో రోజు ఏమవుతుంది? సుసరాల్‌లో దిగిన గంటకు అంట్లు, బట్టలు, పదిమందికి రొట్టెలు. చిల్లా ఇచ్చిన ప్రాణం వారంలో హారతి కర్పూరం.

ఒంటి సంగతి కూడా చెప్పుకుందాం. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు 58 మందికి పైగా రక్తహీనత ఉంది. కాన్పు అయ్యాక ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగాలని ఆశా వర్కర్ ఇచ్చి పోతుంది, అవి అల్మారాలో పడి ఉంటాయి. కాన్పు అయిన మూడు నాలుగు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. అది ఒంట్లో జరిగే మామూలు మార్పు, కొన్ని నెలలకు తగ్గుతుంది. మనోళ్లు మాత్రం "జుట్టు విరబోసుకుని ఫోటోలు దిగావు, నజర్ తగిలింది" అంటారు. కొందరికి ఊరికే ఏడుపొస్తుంది, బిడ్డను చూసినా దిల్ కదలదు. అది డాక్టరుకు చూపించాల్సిన జబ్బు. దాన్ని "నఖ్రాలు" అనడం జుల్మ్. అద్దం ముందు నిలబడటం మానేసిన పిల్లను చూసి "మాషా అల్లా, ఎంత సాదాగా అయిపోయింది" అని మురిసిపోయే ముందు, ఆ పిల్ల సాదాగా అయిందా, లోపల్లోపల కుంగిపోతోందా అని ఒకసారి పక్కన కూర్చుని అడగండి.

ఇప్పుడు బయట జాలిపడేవాళ్లకు నాలుగు మాటలు.

మా బట్టల మీద మీకున్న ఫికర్ మాకు తెలుసు. 2022లో పక్క రాష్ట్రంలో తలమీద దుపట్టా ఉందని ఆడపిల్లలను కాలేజీ గేటు బయట నిలబెట్టారు. మార్చి 15న కర్ణాటక హైకోర్టు ప్రభుత్వం వైపే చెప్పింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. ఆ గేటు దగ్గర ఇంటికి తిరిగిపోయిన పిల్లకు చదువు ఆగితే తర్వాత ఏం జరుగుతుంది? పెళ్లే కదా! చదువుకు తలుపు మూసి, తర్వాత "పాపం, చిన్న వయసులోనే పెళ్లయింది" అని జాలిపడటం ఏ రకం ఇన్సాఫ్?

పిల్లలను కనడం మీద మీ లెక్కలూ చూశాం. ఎన్నేళ్లు మమ్మల్ని కుందేళ్లని, జనాభా పెంచేవాళ్లని అన్నారు? 1992-93 సర్వేలో దేశంలో ముస్లిం ఆడదానికి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21కి అది 2.4 దగ్గరికి దిగింది. ఇప్పుడేమో రాష్ట్రంలో సగటు 1.7కి పడిపోయిందని ప్రభుత్వానికే బెంగ పట్టుకుంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీయే ఎత్తేసింది. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లాడు పుడితే ఆవు ఇస్తానన్నారు. వాహ్! నిన్నటిదాకా కంటే తప్పు, ఈరోజు కనకపోతే తప్పు. ఆడదాని కడుపు మీద ఇంత హిసాబ్ వేసినవాళ్లలో ఒక్కరైనా ఆమెను "అమ్మా, నీకెంతమంది కావాల? ఎప్పుడు కావాల?" అని అడిగారా?

ఇక ఉద్యోగాల సంగతి. 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ ఒక ఖబర్ రాసింది. మనకు నాలుగ్గంటల దూరం కూడా లేని శ్రీపెరంబుదూరులో, ఫాక్స్‌కాన్ వాళ్ల ఐఫోన్ ఫ్యాక్టరీలో అసెంబ్లీ పనులకు పెళ్లయిన ఆడవాళ్లను తీసుకోవడం లేదని. ఇంటి బాధ్యతలు, గర్భాలు, సెలవులు కారణాలని మనుషుల్ని కుదిర్చే ఏజెంట్లు చెప్పారట. పెళ్లయిన హిందూ ఆడవాళ్లు పెట్టుకునే నగలు కూడా ఒక సాకు. కంపెనీ వివక్ష ఆరోపణను ఒప్పుకోలేదు. మానవ హక్కుల కమిషన్ ప్రభుత్వాలను నివేదిక అడిగింది. ఈ ఖబర్‌ను మన ఇళ్ల ముచ్చటతో కలిపి చదవండి. మెట్టెలు పెట్టుకున్న హిందూ బెహెన్‌కూ లచ్ఛా వేసుకున్న ముస్లిం బెహెన్‌కూ అక్కడ దక్కిన మర్యాద ఒకటే. తల్లి అయ్యావా, ఇక పనికిరావు. మన ఇంట్లో సాస్ చెప్పే మాటకూ ఆ ఏజెంట్లు చెప్పారన్న మాటకూ తేడా ఎక్కడుంది?

చట్టం రాసి ఉంది. 2017 నుంచి కాన్పుకు 26 వారాల జీతంతో సెలవు. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట పిల్లలకు క్రెష్ ఉండాల. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే మన ఆడవాళ్లకు అదీ అందదు. "లైఫ్ అయిపోయింది" అని జాలి పడే సహేలీలారా, లైఫ్‌ను ఆపుతున్నది ఒళ్లో ఉన్న బిడ్డ కాదు. బిడ్డతో వచ్చే తల్లికి చోటు పెట్టని ఆఫీసు, కాలేజీ, బస్సు.

మూడో బ్యాచ్ ఒకటి ఉంది, వాళ్లను వదిలిపెడితే బేఇమానీ అవుతుంది. ఫోను తెరిస్తే చాలు, తల్లీ బిడ్డకు మ్యాచింగ్ ఫ్రాకులు, సీమంతానికి బెలూన్ల గేటు, కాన్పయిన పదో రోజు నడుము సన్నం, పాస్టెల్ రంగు హిజాబ్, వెనకాల నషీద్. చూసే పిల్లకు తన పొట్ట మీద చారలు, తన పాత కుర్తా, తన ఇరుకు ఇల్లు గుర్తొచ్చి దిల్ చిన్నబోతుంది. అది స్టైల్ కాదు బెహెన్, దుకాణం. నీ షోకు నీది కావాలి గానీ అమ్మేవాడిది కాకూడదు. ఖిస్తుల మీద కొన్న షరారాతో పోయే ఇజ్జత్ మామూలుది కాదు.

మన సీమలో ఆడవాళ్లకు స్టైల్ కొత్తగా నేర్పాలా? మా దాదీ తరం వాళ్లను గుర్తు తెచ్చుకోండి. నూలు చీర కొంగు తలమీదుగా తెచ్చి చెవి వెనక దోపిన తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకం. మోచేతుల దాకా జాకెట్టు, చేతినిండా మట్టిగాజులు, కంట్లో సుర్మా, నోట్లో పాన్ ఎరుపు, మూర మల్లెపూలు. ఆరుగురు పిల్లల తల్లులు వాళ్లు. నడిచొస్తుంటే గల్లీ పక్కకు తప్పుకునేది. వాళ్ల హయాను ఎవరూ అనుమానించలేదు. చంకలో బిడ్డ ఉండగా తలలో పూలు పెట్టుకోవడం ఈ మట్టిలో తరతరాల ఆదత్. దాన్ని తప్పు చేసింది మనమే, నిన్నా మొన్నా.

సానియా మీర్జాను చూడండి. 2005 లో పద్దెనిమిదేళ్ల పిల్ల స్కర్ట్ మీద ఫత్వా ముచ్చట దేశమంతా మోగింది. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. ఇరవైకి పైగా కిలోల బరువు దించుకుని, 2020 జనవరిలో హోబార్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. ఆమెకు డబ్బుంది, సహాయం చేసే మనుషులున్నారు అంటారు. నేనూ అదే అంటున్నాను. సహాయం ఉంటే తల్లి ఏమైనా చేయగలదు. సానియాకు కోచ్, ఫిజియో కావాల్సి వచ్చారు. మన పిల్లకు కావాల్సింది బిడ్డను రెండు గంటలు చూసే దాదీ, లాలపోయడం తెలిసిన అబ్బా. అంతమాత్రం మన ఇళ్లలో గరీబీ ఉందా?

"మా కాలంలో మేము చేసుకోలేదా, మాకెవరు చేశారు?" ఇది పెద్దవాళ్ల ఆఖరి ఆయుధం. నిజమే అమ్మీ, మీకెవరూ చేయలేదు. మీరు ఏడ్చింది వంటింట్లోనే, ఎవరికీ కనబడకుండా. మీకు జరిగింది జుల్మ్ అని మేము ఒప్పుకుంటాం. ఆ జుల్మ్‌ను బహూకు విరాసత్‌గా ఇవ్వడమెందుకు? మీ కూతురు అదే మాట ఫోన్లో చెబితే మీ కలేజా కరగదా?

మాటలతో ఆగకుండా చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మియాలూ, ముందు మెహర్ ఇచ్చేయండి. కాగితం మీద మెహర్, లారీలో జెహేజ్ అన్న తమాషా ఇక చాలు. మెహర్ ఆమె సొత్తు, దాంతో ఆమె కుట్టు మిషన్ కొనుక్కున్నా చెవులకు కొనుక్కున్నా మీరు లెక్క అడగొద్దు. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఇవ్వండి. కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండేళ్ల పాల మాట మన కితాబులో ఎప్పట్నించో ఉంది. రాత్రి బిడ్డ లేస్తే మీరూ లేవండి. మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజ్ చదివిన నబీ ఉమ్మతీలం మనం, బిడ్డను ఎత్తుకుంటే మర్దానగీ తరగదు.

చదువు మధ్యలో ఆగిన పిల్లలను మళ్లీ పంపండి. డిగ్రీ, పీజీ చదివే ఆడపిల్లలకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు పెట్టుకోవాలని 2021 డిసెంబరులోనే యూజీసీ అన్ని యూనివర్సిటీలకూ రాసింది. పీహెచ్‌డీ చేసేవాళ్లకు 240 రోజుల సెలవు ఉంది. తిరుపతిలో 1983 నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది. ఉర్దూలో చదవాలనుకుంటే మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ దూరవిద్య ఉంది. "బిడ్డ పుట్టింది కదా, ఇంక చదివి ఏం చేస్తుంది?" అనేవాళ్లకు ఒకటే జవాబు. ఆ బిడ్డకు మొదటి ఉస్తాద్ ఆమే.

కమిటీ పెద్దలూ, షాదీఖానాకు రంగులు వేయించినప్పుడు పాలిచ్చే తల్లికి ఒక మూల గది, ఒక తలుపు, ఒక ఫ్యాను పెట్టించండి. దావత్‌లో బిడ్డ ఏడిస్తే తల్లి బాత్‌రూమ్ పక్కన నిలబడి పాలివ్వాల్సి రావడం మనందరికీ షరమ్. ముందర జిప్ ఉన్న అబాయా కుట్టమని దర్జీకి చెబితే "ఇదేం ఫ్యాషన్" అనే నోళ్లు కూడా మూతపడాల. అది బిడ్డ ఆకలి తీర్చే ఫ్యాషన్.

ఇక నీకు, చిట్టి బెహెన్. నీకు నలుపు ఇష్టమైతే నలుపే వేసుకో, ఎరుపు ఇష్టమైతే ఎరుపు. కాజల్ నచ్చకపోతే పెట్టుకోకు. సాదాగా ఉండటం నీ ఇష్టమైతే అదీ నీ స్టైలే. ఎవరో తీసేయమన్నారని మాత్రం తీసేయకు, ఎవరో కొనమన్నారని కొనకు. బిడ్డ నీ ముఖం చూస్తూ పెరుగుతుంది. ఆడపిల్ల అయితే మరీనూ. అమ్మీ అద్దం ముందు నవ్వుకుంటూ నిలబడటం చూసిన పిల్ల రేపు తన సుసరాల్‌లో తల వంచుకుని బతకదు. ఐరన్ మాత్రలు అల్మారాలోంచి తీసి ఈరోజే మొదలుపెట్టు. బిడ్డను వాళ్ల అబ్బా చేతికిచ్చి పది నిమిషాలు తీసుకో. ఏడిస్తే ఏడవనీ, ఎత్తుకోవడం వాళ్ల అబ్బా నేర్చుకుంటాడు.